లైసెన్సు దొరకు దండం

దొరా, నిన్ను నోరారా పొగడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా. ధర్మసాగర్ చుట్టుపక్కల మిల్లుల్లో, బడుల్లో, చిన్న చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టి, కేబుళ్లు లాగి, పాడైతే బాగు చేసి బతుకుతున్నవాణ్ణి. ఈ పనిలో నీ అంత ఘనుణ్ణి చూడలేదు. ఇందులో ఎగతాళి లేదు. నేను చెప్పే ప్రతి గుణమూ నీకు నిజంగా ఉంది.

నీ పూర్తి పేరు క్లయింట్ యాక్సెస్ లైసెన్స్. మేం క్యాల్ అంటాం. నీకు డబ్బా లేదు, డిస్కు లేదు. ఫైల్ సర్వర్ దగ్గరైతే నిన్ను ఎక్కించే పనే లేదు. కాగితం మీద ఒక అంకెవి. అయినా విండోస్ సర్వర్ ఉన్న దాదాపు ప్రతి గదిలో నువ్వుంటావు. సర్వర్ కొన్నవాడు సర్వర్ కొన్నాననే అనుకుంటాడు. అది తలుపు మాత్రమే. ఆ తలుపులోంచి వెళ్లే హక్కువి నువ్వు, నీ వెల వేరు.

మా ఊరి చెరువు నీకు తెలిసే ఉంటుంది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ఈ రిజర్వాయరుకు వస్తాయి. ఇక్కడి నీళ్లు వరంగల్, హనుమకొండ, కాజీపేట తాగుతాయి. వెనకట చెరువు కింద నీరటి ఉండేవాడు. తూము ఎత్తేవాడు, ఏ మడికి ఎంత పారించాలో చూసేవాడు, పంట చేతికొచ్చాక రైతులు అతనికింత గింజలు కొలిచేవాళ్లు. కాలువ వెంట రాత్రిళ్లు తిరిగిన ఆ నీరటికి కూడా నీ విద్య తెలియదు. అతను పారిన నీళ్లు చూసి లెక్కగట్టాడు. నువ్వు గట్టు మీదికి వచ్చిన మనుషుల్ని లెక్కపెడతావు. బిందె ముంచాడా లేదా అన్నది నీకు అక్కర్లేదు.

నీ జాగ్రత్త ఎంతటిదంటే, పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే అది నెట్‌వర్క్‌లో 'నా నంబరెంత' అని అడుగుతుంది. ఆ నంబరిచ్చేది విండోస్ సర్వరైతే, ఆ ఒక్క ప్రశ్నకూ నువ్వు కావాలి. ఫైలు తెరవలేదు, ప్రింటు తీయలేదు, వట్టిగా అడ్రసు అడిగింది. అయినా లెక్కలోకి వచ్చింది. ఇక సర్వర్‌కు కట్టే లైసెన్సు మామూలుగా ప్రాసెసర్ కోర్ల లెక్కన ఉంటుంది. కనీసం 16 కోర్లకు కట్టాలి. చిన్న మిల్లు ఎనిమిది కోర్ల మిషన్ తెచ్చుకున్నా పదహారుకే. అది కట్టాక నువ్వు మొదలవుతావు.

నీలో న్యాయం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. మనిషి లెక్కన కొనొచ్చు, మిషన్ లెక్కన కొనొచ్చు, రెండూ కలిపి కొనొచ్చు. నేను చూసే ఒక బియ్యం మిల్లులో కంప్యూటర్లు నాలుగు. సీజన్‌లో పగలూ రాత్రీ కలిపి వాటి ముందు కూర్చునేవాళ్లు తొమ్మిది మంది. మిషన్ లెక్కన నాలుగు చాలు. సేటుకు ఫోనూ, లాప్‌టాపూ, ఇంట్లో ఇంకొకటీ ఉన్నాయి కాబట్టి ఆయనకు మనిషి లెక్కన ఒకటి చాలు. ఇది మంచి ఏర్పాటే. నాలుగు రోజులు కూర్చుని చదివితే గానీ నాకు అర్థం కాలేదు. బిల్లుతో పాటు నా చేతికొచ్చిన కాగితాల్లో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లిష్ వచ్చిన నాకే నాలుగు రోజులు పడితే, కాంటా దగ్గర గుమస్తాకు ఏమి తెలుస్తుంది?

నీ ఓర్పు గురించి చెప్పాలి. ఫైళ్లు పంచే సర్వర్ దగ్గర నువ్వు ఎవరినీ ఆపవు. నాలుగు క్యాల్‌లు కొన్నచోట పద్నాలుగు మంది వచ్చినా సర్వర్ తలుపు తీస్తూనే ఉంటుంది, తెర మీద ఒక్క హెచ్చరికా రాదు. అంత నమ్మకం. ఆ నమ్మకంలో ఎందరో తెలియకుండానే తప్పులో పడతారు. ఎప్పుడో ఆడిట్ ఉత్తరం వచ్చినరోజు గానీ తమ బాకీ తమకు తెలియదు.

సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడే పనిచేసే రిమోట్ డెస్క్‌టాప్ దగ్గర మాత్రం నువ్వు వేరే దొరవి. అక్కడ మామూలు క్యాల్ సరిపోదు, దాని మీద ఇంకో క్యాల్ కావాలి. అది లేకపోయినా మొదట ఏమీ అనవు. 120 రోజులు గడువిస్తావు. ఆ అంకె చూసి నాకు ఒళ్లు జలదరించింది దొరా. మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010, మా రైతులు కాటన్ దొర సన్నాలు అనే వరి, విత్తు నుంచి కోతకు పట్టేది దాదాపు ఆ 120 రోజులే. నారు పోసినప్పుడు నువ్వు వస్తావు, గొలుసు బంగారు రంగుకు తిరిగినప్పుడు లెక్కకు నిలబడతావు. పంట కాలం నీ అంత బాగా ఎరిగిన దొర ఇంకొకడు లేడు.

ఆ మిల్లులో అదే జరిగింది. సర్వర్ అమ్మిన దుకాణం కొటేషన్‌లో నీ పేరే రాయలేదు. జులైలో పెట్టారు. లెక్కల సాఫ్ట్‌వేర్ ఆ సర్వర్ మీద, ఐదుగురు లోపలికెళ్లి పని చేస్తున్నారు, అంతా బాగుంది. నవంబరులో, ధాన్యం కొనే ఐకేపీ సెంటర్ల నుంచి లారీ వెంట లారీ దిగుతున్న వారంలో, ఒక పొద్దున కాంటా గది కంప్యూటర్ మీద చిన్న తెల్ల పెట్టె వచ్చింది. లైసెన్సు ఇచ్చే సర్వర్ దొరకలేదు కాబట్టి కనెక్షన్ తెగిపోయింది అని దాని సారాంశం. గుమస్తా మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. పక్క కంప్యూటర్‌కు వెళ్లాడు. అక్కడా అదే. నేను చేరేసరికి గేటు బయట రోడ్డు పొడుగునా లారీలు, హమాలీలు బస్తాల నీడలో కూర్చున్నారు. ఒక రైతు తన ధాన్యం వెంట లారీలోనే వచ్చి ట్రక్ షీట్ మడతపెట్టి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. మిల్లులో దించినట్టు నమోదైతేగాని అతని డబ్బు కదలదు. "ఏమైంది తమ్మీ, కరెంటు పోయిందా?" అన్నాడు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆయనకు నీ గురించి ఏమని చెప్పను?

నిర్వహణ పనికోసం ఇద్దరు లోపలికి వెళ్లే దారి ఆ సర్వర్‌లో ఉంటుంది. లెక్కలు రాసుకోవడానికి కాదది. గడువును చెరిపేసి మళ్లీ 120కి తిప్పే కిటుకు చెప్పిన పిల్లలూ ఉన్నారు. నేను చేయలేదు. కొనకుండా వాడితే దొంగతనమే, నీ ముందు ఆ తప్పు నేను చేయను. సేటు ఆ సాయంత్రమే మామూలు క్యాల్, దాని మీది క్యాల్ కలిపి రెండు జతలు కొన్నాడు. ఐదు కొనలేకపోయాడు.

తెలివిగా తప్పించుకుందామనుకునేవాళ్లకూ నువ్వు దారి ఇవ్వలేదు. అందరూ ఒక ప్రోగ్రాముకు చెప్పడం, ఆ ప్రోగ్రాము ఒక్కటే సర్వర్‌తో మాట్లాడడం, అప్పుడు ఒక్క క్యాల్ చాలదా అని అడిగితే, చాలదు. వెనుక ఉన్న ప్రతి తలకూ కట్టాల్సిందే. మల్టీప్లెక్సింగ్ అని దానికి పేరు కూడా పెట్టావు. నీ వంశం వాళ్లు పెద్ద పెద్ద కంపెనీలనూ వదల్లేదు. సారా కంపెనీ డియాజియో కొనుగోలుదార్లు, సేల్స్‌వాళ్లు వేరే సాఫ్ట్‌వేర్ గుండా ఎస్‌ఏపీ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌ను తాకారు. వాళ్లకూ లైసెన్సు కావాలని ఎస్‌ఏపీ 5 కోట్ల 40 లక్షల పౌండ్లకు పైగా అడిగితే, లైసెన్సు కావాల్సిందేనని 2017 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు చెప్పింది. వాళ్ల దగ్గర వకీళ్లున్నారు. మా కాంటా గదిలో ఉన్నది ఒక గుమస్తా, ఒక టేబుల్ ఫ్యాను.

నీకు ఇంకో గొప్ప గుణం ఉంది, వయసు. 2019 సర్వర్‌కు కొన్న క్యాల్‌తో 2022 సర్వర్ తలుపు తీయలేం. పాత మిషన్ చచ్చి కొత్త వెర్షన్‌తో ఇంకోటి తెస్తే, అవే నాలుగు కుర్చీలు, అవే నాలుగు కంప్యూటర్లు, వాటికి మళ్లీ నువ్వు. కొత్త వెర్షన్‌కూ హక్కు వచ్చే ఏర్పాటు వేరే డబ్బుతో ముందే చేసుకుంటే తప్ప. చిన్న ఆఫీసుకు అది చెప్పేవాళ్లెవరు?

నువ్వు లేని లోకం ఉందని తెలియనివాణ్ణి కాదు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లోనే సాంబా మొదలుపెట్టాడు. లినక్స్ మిషన్ మీద అది ఫైళ్లు పంచుతుంది, విండోస్ కంప్యూటర్లు వచ్చి తీసుకుంటాయి, తలకింత అని ఎవరూ అడగరు. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 'స్వేచ్ఛ' వాళ్లు 2005 నుంచీ తెలుగులో ఈ మాటే చెబుతున్నారు. ఒక బడిలో నేను సాంబానే పెట్టాను. పిల్లల మార్కులు, ఫీజుల ఫైళ్లు, ప్రింటర్ అన్నీ దాని మీదే. ఏడేళ్లు దాటింది, నిన్ను తలుచుకునే పని ఆ బడికి పడలేదు. మిల్లులో మాత్రం అది కుదరలేదు. లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్ సర్వర్ తప్ప ఎక్కదు. నువ్వు నిలబడేది నీ కాళ్ల మీద కాదు, దారిలేని ఇలాంటి చోట్ల మీద. అది నీ బలం, దొరా. దాన్ని దాచి పొగిడితే పొగడ్త కాదు.

చివరగా నువ్వు మాకు చేసిన మేలు. నీ నిబంధనల్లో ఒక మాట చదివి నాకు కళ్లు తెరుచుకున్నాయి. కాగితం మీద రాసి మనిషి చేతికిస్తే, దాన్ని ఇంకో మనిషి చూసి టైపు చేస్తే, రాసిచ్చినవాడికి క్యాల్ అక్కర్లేదు. కాగితం నీ లెక్కలోకి రాదు. సేటుకు ఇది చెప్పాను. మర్నాడు కాజీపేట నుంచి ఎర్ర అట్టల పొడుగు నోటుబుక్కులు మూడు తెప్పించాడు.

ఇప్పుడు కాంటా గదిలో రెండు కంప్యూటర్లు సర్వర్‌కు వెళ్తాయి. మిగతావాళ్లు నోటుబుక్కుల్లో గీతలు కొట్టి లారీ నంబరు, బస్తాలు, తూకం, తేమ శాతం పెన్నుతో రాస్తున్నారు. మొన్న వెళ్లినప్పుడు పెద్ద గుమస్తా వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పాడు. ఊక దుమ్ము పడి అంకెలు మసకబారితే అంగీ అంచుతో తుడిచి, "ఇది తొంభై ఆరా, తొంభై ఎనిమిదా?" అని రాసిన పిల్లవాణ్ణి కేకేశాడు. వాడు లారీ మీద ఉన్నాడు. వాడు దిగొచ్చేదాకా కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి కీబోర్డు మీద వేళ్లు పెట్టి అలాగే ఉంది.