వెనక ఉన్నవాడు

కిషన్‌బాగ్ నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్ల పైమాటే. "ఒక్కనివే అయితే బండి తాళంచెవి ఇయ్య" అని ఏసీ మెకానిక్‌కి వాళ్లమ్మ తెగేసి చెప్పింది. "దోస్తు నా ఎనకనే వస్తడమ్మా" అన్నాకే కొంగు ముడి విప్పింది.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. కల్వకుర్తి, డిండి దాటి మన్ననూర్ చెక్‌పోస్టు లోపలికి వెళితే అంతా అమ్రాబాద్ పులుల అడవి. దోమలపెంట దాకా చాలాచోట్ల ఫోన్‌కి సిగ్నలే అందదు. రాత్రి 9కి గేటు వేస్తే మళ్లీ తెరిచేది పొద్దున 6కే. టైరు పగిలినా, కాలు విరిగినా కేకేస్తే పలికే ఇల్లు దగ్గర్లో ఉండదు. అలాంటి దారిలో తోడు వచ్చే మనిషిని మించిన ధైర్యం లేదు. అందుకే జంటగా వెళ్లే బండ్లకు ఒక కట్టుబాటు ఉంది. ముందువాడు అద్దంలో వెనకవాడి హెడ్‌లైట్‌ని ఎప్పుడూ వదలకూడదు. అది కనబడకపోతే ఆగాలి. ఆగినా రాకపోతే వెనక్కి తిరగాలి. పానాలు, పంక్చర్ సామాను, దూది, కట్టుగుడ్డలు వెనకవాడి సంచిలోనే ఉండాలి. ముందువాడు పడితే లేపాల్సింది వాడే కదా.

ఇద్దరూ అచ్చం అలాగే బయల్దేరారు. ముందు ఏసీ మెకానిక్, వెనక కొరియర్ కుర్రాడు. "నువ్వు ముందల నడువ్ మామా, నేను ఎనకుంట" అని సామాన్ల సంచి కూడా వాడే తగిలించుకున్నాడు.

దర్శనం ఆలస్యమైంది. తిరుగుదారిలో ఘాట్ దిగి, కృష్ణ దాటి, మళ్లీ ఘాట్ ఎక్కి దోమలపెంట చేరేసరికి పొద్దు గూకింది. అడవిలో చీకటి చిక్కబడే కొద్దీ వెనక బండి దగ్గరికి జరుగుతూ వచ్చింది. కాసేపటికి అద్దం నిండా దాని వెలుగే.

వటవర్లపల్లిలో టీ కోసం ఆపారు.

"మీదికే వస్తున్నవేందిరా? రెండు మూడు సెకన్ల దూరమన్న పెట్టు. జింక అడ్డమొచ్చి నేను ఆపితే ఇద్దరం పోతం" అని కోప్పడ్డాడు ముందువాడు.

రెండోవాడు మారుమాట అనలేదు. బల్ల అంచు నుంచి తడుముకుంటూ టీ గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగి, "మామా, జర బ్రేక్ కొట్టుకుంట నడువ్" అన్నాడు.

జంతువుల కోసమే చెబుతున్నాడనుకున్నాడు మెకానిక్. అక్కణ్నుంచి పెడల్‌ని మాటిమాటికీ తడుతూనే నడిపాడు. గేటు వేసేలోపే మన్ననూర్ దాటారు. అర్ధరాత్రికి కిషన్‌బాగ్ చేరారు.

మర్నాడు బండి సర్వీసింగ్‌కి ఇచ్చాడు. ఉస్తాద్ టెయిల్‌లైట్ విప్పి, బల్బుని రెండు వేళ్ల మధ్య పట్టి ఎండకెత్తి చూపించాడు.

"దీంట్ల రెండు తీగలుంటయ్ బేటా. ఎప్పుడూ వెలిగేది 5 వాట్లది, బ్రేక్ కొడితే వెలిగేది 21 వాట్లది. చిన్నది తెగిపోయింది. బ్రేక్ కొడితే తప్ప నీ ఎనక అంతా అంధేరా."

మెకానిక్ గుండె జారిపోయింది. "రాత్రి అడవిలకెల్లే వచ్చిన ఉస్తాద్!"

"ఎనక ఎవరన్న ఉన్నరా?"

"దోస్తు. నా బండికి ఆనుకునే వచ్చిండు."

"వాని హెడ్‌లైట్ నీ మీద పడబట్టే బస్సులోళ్లకు కనబడ్డవ్. పో, పోయి వాని కాళ్లు మొక్కు."

మొక్కడానికే వెళ్లాడు. దారిలో అరకిలో మిఠాయి కట్టించుకున్నాడు. కొరియర్ కుర్రాడు అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. తలుపు తీసిన తల్లి చేతుల్లో పొట్లం పెట్టి, "అమ్మా, రాత్రి నీ కొడుకు నా ఎనక లేకుంటే ఇయ్యాల నేను లేను" అన్నాడు. గొంతు పూడుకుపోయింది.

ఆమె వాడి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"గట్లంటవేంది కొడుకా! నువ్వే మావోణ్ని పదిలంగ ఇల్లు చేర్చినవ్. వానికి రేచీకటి, నీకెరుకనే గద. పొద్దుగూకినంక బండి ముట్టొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పిండు. పోవద్దురా అని ఎంత మొత్తుకున్నా ఇనలే. 'ఫికర్ చెయ్యకమ్మా, ముందల మామ బండి ఎర్రలైటు ఉంటది, దాన్నే చూస్కుంట వచ్చేస్త' అన్నడు."