మొన లేనిదాన్ని

నేను పుట్టిని. ముక్త్యాల రేవులో ఉంటాను. నాకు ముందూ వెనకా లేవు. తెడ్డు ఎటు పడితే అదే నా ముందు. చేతగానివాడు నాలో కూచుంటే ఉన్నచోటే గిరగిరా తిప్పి దించుతాను. ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. కృష్ణలో ఇన్నాళ్లు బతికి బట్టకట్టానంటే ఈ గుండ్రతనం చలవే.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. వెదురు చీల్చారు. బద్దలు అడ్డం నిలువు అల్లారు. అంచు చుట్టూ బద్దల కట్టలు బిగించి, అడుగున గోనెపట్టా కుట్టి, తారు కాచి పూశారు. ఆ పట్టా చోట పాతకాలంలో పశువుల తోలు ఉండేది. తోలు పుట్టిని వాడినప్పుడల్లా ఎండబెట్టకపోతే కుళ్లిపోతుంది. నాకు ఆ బాధ లేదు; ఏటా వానలకు ముందు ఓ పూత పడితే చాలు. ఈ మధ్య ఫైబర్ పుట్టిలు వచ్చాయి. వాటికి ఆ పూత ఖర్చు కూడా లేదు. పగిలితే మాత్రం మా ఆసామి చేతిలో బాగుపడవు.

వంశం మాటకొస్తే ఎవరికీ తీసిపోను. 1520 ప్రాంతంలో విజయనగరం చూడ్డానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ మావాళ్ల గురించి రాసిపెట్టాడు: లోపల బెత్తం అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కవచ్చు, గుర్రాల్నీ ఎద్దుల్నీ కూడా దాటిస్తారు అని. అంతకు రెండు వేల ఏళ్ల ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నదిలో గుండ్రటి తోలు పడవల్ని వర్ణించాడు. అందులో సరుకుతో పాటు ఓ గాడిదను ఎక్కించేవారట. ప్రవాహంతో దిగువకు వచ్చాక సరుకు అమ్మేసి, చట్రం కూడా అమ్మేసి, తోలు మడిచి గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోయేవారట. నది ఎదురెక్కనివ్వదని తెలిసి, తిరుగు ప్రయాణం ముందే ఆలోచించుకున్నవాళ్లు. పడవ కొనబోయే ప్రతివాడూ ఆ గాడిదను తలుచుకోవాలి.

మా ఆసామి తలుచుకున్నాడో లేదో గానీ, నన్ను ఎంచుకున్నది మాత్రం ఆ లెక్క ప్రకారమే. మాకు ఎగువన పులిచింతల ఉంది. కె.ఎల్. రావు గారి పేరు పెట్టుకున్న ఆ జలాశయం 45.77 టీఎంసీల నీళ్లు పట్టుకోగలదు. అక్కడ గేట్లు వేస్తే ఇక్కడ రాళ్లు తేలతాయి, తీస్తే రేవు మెట్లు మునుగుతాయి. తేలిన రాళ్ల మధ్య జానెడు నీళ్లు చాలు నాకు. మొన ఉన్న పడవ తిరగాలంటే చోటు కావాలి. నాకు తిరగడమే పుట్టుగుణం. వల ఏ వైపు నుంచి లాగినా నాకు ఒకటే. పని అయ్యాక బోర్లించి నెత్తిన పెట్టుకుంటే మా ఆసామి కాళ్లొచ్చిన తాబేలులా ఉంటాడు, కానీ ఇంటికి చేరతాం.

ఆ మోత విలువ 2024 సెప్టెంబరులో తెలిసింది. గరికపాడు దగ్గర పాలేరు పొంగి హైదరాబాద్–విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగాయి. కింద ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్టు తెంచుకున్న భారీ పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను గుద్దుకున్నాయి. నేను అప్పటికే మా ఆసామి ఇంటి వసారాలో గోడకు ఆని ఉన్నాను. మోయగలిగిన పడవనే మనిషి కాపాడుకోగలడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మా ఆసామి మేనల్లుడు నందిగామ నుంచి వచ్చి నా పక్కనే కూచుని ఫోను తీశాడు. సముద్రంలో గాలం వేయడానికి కయాక్ కొంటాడట. సెలవు రోజుల్లో మంగినపూడికో సూర్యలంకకో పోతాడట. ఆ సమయానికి మా ఆసామి వియ్యంకుడు కూడా రేవులో ఉన్నాడు. ఆయనది భీమిలి వైపు పుట్టుక. సాగర్ వెనక నీళ్లలో చేపల వేటకు విశాఖ తీరం నుంచి వలస వచ్చినవాళ్లతో వెలిసిన వైజాగ్ కాలనీలో స్థిరపడ్డాడు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ రెండూ తెలిసినవాడు.

కయాక్ బొమ్మ చూసి నేను ముందు మూతి ముడిచాను. సన్నగా, పొడుగ్గా, రెండు వైపులా మొనలు. తరువాత తెలిసింది, అది మాకు దాయాదేనట. మంచుదేశాల ఇన్యూట్లు కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకలతో చట్రం కట్టి, సీలు తోలు కప్పి చేసుకున్న వేట పడవ అది. మాకూ దానికీ చట్రం మీద తోలే ఆధారం. వాళ్ల నీళ్లు దాన్ని సాగదీశాయి, మా నీళ్లు నన్ను గుండ్రంగా చుట్టాయి. ఇప్పుడు దానికి ప్లాస్టిక్ ఒళ్లు వచ్చింది, నాకు తారు వచ్చింది.

"మామయ్యా, ఇది లోపల కూచునేది, ఇది పైన కూచునేది, ఇది గాలి నింపి మడతపెట్టుకునేది. ఏది తీసుకోమంటావు?"

"నాకేం తెలుసురా సముద్రం? బావగారిని అడుగు."

పెద్దాయన గాలి పడవను చూడగానే వద్దన్నాడు. "జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఏటి సేస్తావు బాబూ? గాలొచ్చినా దాన్నే ముందు ఈడ్సుకుపోద్ది." లోపల కూచునేదాన్ని తిప్పి తిప్పి చూశాడు. కెరటం మీదపడితే దాని కడుపు నిండుతుంది. ఒక్కడివీ నడిసముద్రంలో నీళ్లు తోడుకుంటూ మళ్లీ ఎక్కలేవు అన్నాడు. మూడో బొమ్మ దగ్గర ఆగాడు.

"ఈ కన్నాలేటి? అడుగునే ఉన్నాయి!"

"నీళ్లు పోవడానికి బాబాయ్. పైన కూచునే కయాక్‌కి అవి ఉంటాయి. మీద పడ్డ నీళ్లు వాటిలోంచి దిగిపోతాయి. ఒళ్లు నాలుగు వైపులా మూసేసి ఉంటుంది కాబట్టి మునగదు."

పెద్దాయన ముఖం వెలిగింది. "మా తెప్ప కూడా ఇంతే కదేటి! దుంగల సందుల్లోంచి వచ్చిన నీరు ఆ సందుల్లోంచే పోద్ది. నిండడానికి కడుపే లేదు. ఇదే కొనుక్కో."

ఆ తరువాత కొలతల మీద పడ్డారు. పొడుగు పెరిగితే సూటిగా, వేగంగా పోతుంది. వెడల్పు పెరిగితే కుదురుగా ఉంటుంది గానీ తెడ్డు బరువెక్కుతుంది. పన్నెండు అడుగుల పొడవు, రెండున్నర అడుగులకు కాస్త పైన వెడల్పు ఉన్నదాని దగ్గర ఇద్దరూ రాజీపడ్డారు. కాలితో తొక్కితే నడిచేది కూడా ఉందన్నాడు కుర్రాడు. చేతులు ఖాళీగా ఉంటాయి, గాలం పట్టుకోవచ్చు. బరువెంతరా అన్నాడు మా ఆసామి. యాభై కిలోల దాకా ఉండొచ్చన్నాడు.

ఇక్కడ మా ఆసామి నోరు తెరిచాడు. "కారు మీద నుంచి ఎవరు దించుతార్రా? మంగినపూడిలో ఇసుక ఉండదు, నల్ల బంకమట్టి. దిగబడే మట్టిలో యాభై కిలోలు ఈడ్చి, తెడ్డేసి అలిసిపోయి మళ్లీ ఈడ్చగలవా?" తెడ్డుతో నడిచే ముప్పై కిలోలదానికి ఒప్పుకున్నాడు కుర్రాడు. మోటారు బిగించే ఆలోచన కూడా అప్పుడే పోయింది. అదనపు బరువు, ఉప్పునీళ్ల తుప్పు; పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకూ మోటారు పడవలకూ సముద్రంలో వేట నిషేధం.

పెద్దాయన చివరగా గాలి పాఠం చెప్పాడు. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది; తెడ్డు వేయకపోయినా లోపలికి తీసుకుపోతుంది. అది నీ సత్తువ అనుకోకు. ఎండెక్కాక గాలి తిరిగి ఒడ్డుకు వీస్తుంది గానీ కెరటాలు లేస్తాయి. ఒకోరోజు తిరగదు కూడా. ఒడ్డు కనిపించే దూరం దాటకు. కెరటానికి ఎప్పుడూ మొన చూపించు, పక్క చూపించావా బోల్తా కొడతావు. లైఫ్ జాకెట్ డబ్బులు ముందు పక్కన పెట్టు, మిగిలినదాంతో పడవ చూసుకో.

మొన చూపించాలన్న మాట నాకు తగిలింది. నాలాంటిదాన్ని ఆ కెరటాల ముందు పెడితే చూపించడానికేముంది? ఏ వైపు చూపించినా పక్కే. సముద్రం నాది కాదని ఒప్పుకున్నాను.

కుర్రాడికి హుషారొచ్చింది. "మామయ్యా, ఇంకొంచెం డబ్బు వేసుకుంటే నీకూ ఒకటి తెచ్చేస్తా. ఈ పాత పుట్టి ఎందుకు నీకు?"

మా ఆసామి నా అంచు మీద చెయ్యి వేసి, తారు ఎక్కడ లేచిందో తడుముతూ అన్నాడు: "నువ్వు గాలమేసి ఒక చేప పట్టి తింటావు. నేను పట్టింది పేట బజారులో తూకానికి రావాలి. మీ అత్త తెడ్డేస్తుంటే నేను వల వదులుతాను, నేను తెడ్డేస్తుంటే అది లాగుతుంది. ఒక్కడు కూచునే పడవలో మా ఇద్దరికీ చోటెక్కడ్రా?"