మజ్జిగ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఆయిలు మజ్జిగైండాదప్పా. లైనరు రింగు పోయింటాది. తిప్పాకు."

అవతారిక: ఆదోని, ఎమ్మిగనూరు మెకానిక్ షెడ్లలో పుట్టిన ఈ మూలానికి కర్త ఒక్కడు కాడు. హోస్పేట ఆనకట్ట నుంచి 324 కిలోమీటర్లు నడిచే తుంగభద్ర దిగువ కాలువ ఈ సీమ మీదుగానే పోతుంది. చివరి మళ్లకు నీళ్లందవన్నది పాత గోడు. అందుకే రైతు గట్టున డీజిల్ ఇంజను పెడతాడు. అప్పుడు, చేనుకు రాని నీరు ఇంజను కడుపులోకి వస్తుంది. ఆలంకారికులు దీన్ని విషమం అన్నారు. మెకానిక్కు లీకు అన్నాడు.

టీక: ఆయిలు = చాంబర్లో ఉండి బేరింగులను తడిపేది. మజ్జిగ = నీటితో చిలకబడిన ఆయిలు; క్రాంకే కవ్వం. 'మజ్జిగలా ఉంది' అంటే ఉపమ, 'మజ్జిగైంది' అంటే రూపకం. ఆ నురగను వేళ్ల మధ్య రాసి చూసినవాడికి రూపకమే సరి. లైనరు రింగు = సిలిండరు లైనరు అడుగున నీటిని ఆపే రబ్బరు రింగు. ఐండాది = అయి ఉన్నది. పోయింటాది = పోయి ఉంటుంది. ఈ రెండు క్రియల తేడాలోనే ఉంది కర్త పాండిత్యం. మొదటిది ప్రత్యక్షం. రెండోది ఇంజను విప్పకముందు చెప్పినది, అనుమానం. తార్కికులకు పొగను బట్టి కొండ మీద నిప్పు తెలిసినట్టు, ఇతనికి మజ్జిగను బట్టి రింగు తెలుస్తుంది.

తిప్పాకు = తిప్పవద్దు. నిషేధ వాక్యం. నీరు కలిసిన ఆయిలు బేరింగుల మధ్య పొరగా నిలవదు. పిస్టను మీదికే నీరు చేరితే మరీ ప్రమాదం: గాలి నలుగుతుంది, నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయం మునిగింది. అలాంటి వరదలో మునిగి తేలిన ఇంజనుకు ముందు ఇంజెక్టరు విప్పి, చేత్తో మెల్లగా తిప్పి నీరు కక్కించాలి. ఆ తిప్పుడుకు ఈ నిషేధం వర్తించదు.

పూర్వపక్షం: హెడ్డు ప్యాకింగు పోయి ఉండకూడదా? ఉండవచ్చు. ఇంజను చల్లబరిచే నీళ్లలో బుడగలు వస్తే అనుమానం ప్యాకింగు మీదికి పోతుంది. లేకుంటే చాంబరు విప్పి, లైనరు చుట్టూ నీరు నిలిపి, కింద నుంచి టార్చి వేయాలి. లైనరు అడుగున చుక్క రాలితే గట్టిపడిన రబ్బరు రింగే దోషి. గాడిలో తుప్పు గీకకుండా కొత్త రింగు వేస్తే అదీ కారుతుంది. అన్నట్టు, పోయకుండానే చాంబర్లో ఆయిలు పెరిగిందని మురిసిపోయేవాళ్లు ఈ టీకకు ప్రథమాధికారులు.

పాఠాంతరం: సముద్ర తీరంలో 'రింగు'కు బదులు 'సీలు' అని పాఠం. ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన ఔట్‌బోర్డు మోటారు ఇప్పుడు మన మత్స్యకారుల పడవల వెనకా వేలాడుతుంది. వల దారం ప్రొపెల్లరు ఇరుసుకు చుట్టుకుని సీలును కోస్తే గేరు ఆయిలు మజ్జిగవుతుంది. గేరు పెట్టెలోకి కొద్దిగా గాలి కొట్టి సబ్బునీళ్లు పూస్తే లీకు బుడగై చెబుతుంది. ఆదోని పంక్చరు షాపు విద్యే. నీళ్లు నింపి దించే బోరు మోటారుకు మాత్రం ఈ మూలాన్ని అన్వయించరాదు. అక్కడ లోపలి నీరు దోషం కాదు, నిర్మాణమే.

కొన్ని ప్రతుల్లో చివర "పత్తి అమ్మినాక ఇస్తాలేప్పా" అని ఇంకో వాక్యం కనిపిస్తుంది. అది కర్త మాట కాదు. ఇంజను యజమాని చేర్చిన ప్రక్షిప్తం.