హస్తవాసి కవరేజీ ఏరియాలో లేదు

‘‘సార్, నేనిప్పుడు చేతులు శుభ్రంగా కడుక్కుంటున్నాను.’’

కడుక్కోడు. కడుక్కోవాల్సిన పనీ లేదు. ఎదురుగా రోగి ఉంటే కదా! ఉన్నది దిండు. దానికి దుప్పటి కప్పి, పేరూ ఊరూ అడిగి, ‘‘మిమ్మల్ని పరీక్ష చేస్తాను, మీకేం అభ్యంతరం లేదు కదా’’ అని అనుమతి కూడా తీసుకుంటాడు మన కాబోయే డాక్టరు. దిండు అభ్యంతరం చెప్పదు. పైన ఇస్త్రీ చేసిన తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, కెమెరాకి అందని కింది సగంలో లుంగీ. తెర మీద పక్క గడిలో పరీక్షకుడు.

‘‘మోకాలి మీద సుత్తితో కొట్టి రిఫ్లెక్స్ చూస్తున్నాను సార్.’’

‘‘వచ్చిందా?’’

‘‘మీరు వచ్చిందంటే వచ్చింది సార్.’’

నవ్వకండి, ఇదే పద్ధతి. ఏం చేస్తాడో విద్యార్థి నోటితో చెప్పాలి. అలా చేస్తే ఏం తేలుతుందో పరీక్షకుడు చెప్పాలి. అది విని జబ్బేమిటో మళ్ళీ విద్యార్థి చెప్పాలి. ఈ మూడు చెప్పడాల మధ్య రోగి అనేవాడు ఎక్కడా అడ్డు రాడు. కరోనా పుణ్యమా అని 2020లో దేశదేశాల వైద్య కళాశాలలు ఇలా పరీక్షలు పెట్టాయి. అప్పుడు వేరే దారి లేదు, తప్పుపట్టను. కరోనా వెళ్ళిపోయాక కూడా ‘ఖర్చు తక్కువ, పారదర్శకత ఎక్కువ’ అంటూ దీన్ని చంకనెత్తుకు తిరిగే పెద్దలున్నారు చూడండీ, నా గొడవ వాళ్ళతోనే.

అసలు ఇలాంటి పరీక్షల్లో పనికింత అని మార్కులేసే చిట్టా పుట్టింది మంచి ఉద్దేశంతోనే. ఏ రోగి పడితే వాడి అదృష్టం, ఏ పరీక్షకుడు పడితే వాడి ఖర్మ అన్నట్టుండే పాత పద్ధతితో విసిగి, స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో ‘ఆస్కీ’ అనే పరీక్షను లోకానికి పరిచయం చేశారు. వరసగా బల్లలు, బల్లకో పని, గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. అందరికీ అవే పనులు, అవే మార్కులు. చేతులు కడుక్కున్నాడా, ఒక మార్కు. సరైన చోట చెయ్యి పెట్టాడా, రెండు మార్కులు. ఆన్‌లైన్‌కి వచ్చేసరికి ‘చేశాడా’ అన్న చోట ‘చెప్పాడా’ అని దిద్దారు. ఒక్క మాటే మారింది. దాంతో కొరియోగ్రఫీ పరీక్ష కాస్తా కామెంటరీ పరీక్ష అయిపోయింది.

రోగిని పరీక్షించడమంటే చూడడం, తాకడం, తట్టడం, వినడం అని నాలుగు మెట్లు చెబుతారు. తాకడం, తట్టడం దిండుతోపాటే పోయాయి. వినడం ఏమైందో చూద్దాం. రుమాటిక్ జ్వరం వచ్చి మైట్రల్ కవాటం బిగుసుకుపోయిన గుండెలో ఒక సన్నని గురగుర వినిపిస్తుంది. చాలా లోగొంతు. రోగిని ఎడమ పక్కకి తిప్పి, స్టెతస్కోపు గంట వైపుని రొమ్ము మీద తేలిగ్గా ఆనించి, వార్డులో గోల సద్దుమణిగేదాకా ఊపిరి బిగబట్టి వింటే అప్పుడు దొరుకుతుంది. ఇక వీడియో కాల్ యాపుల సంగతి తెలుసు కదా, వాటికి మనిషి మాట ఒక్కటే శబ్దం, మిగతాదంతా రొద. రొదను తొక్కేయడమే వాటి గొప్ప. పక్కింటి కుక్కర్ కూతనీ, ఫ్యాను చప్పుడునీ, మైట్రల్ స్టెనోసిస్ మర్మర్‌నీ ఒకే గాటన కట్టి నొక్కిపారేస్తాయి. రోగి గుండె కొట్టుకోవడం కూడా వాటి లెక్కలో డిస్టర్బెన్సే.

దీనికీ విరుగుడు కనిపెట్టారు. గుండె చప్పుళ్ళు ముందే రికార్డు చేసిపెట్టుకుని, పరీక్షలో ఆడియో ఫైలు వినిపిస్తారు. తెర షేర్ చేసినప్పుడు ఆ ఫైలు పేరు ‘మైట్రల్ స్టెనోసిస్ ఫైనల్ కొత్తది’ అని పెద్దక్షరాల్లో కనబడితే మాత్రం అది విద్యార్థి తప్పు కాదు.

మిగిలింది చూడడం. కామెర్లని పగటి వెలుతురులో, కనురెప్ప పైకెత్తి తెల్లగుడ్డులో చూడాలని మొదటి రోజే నేర్పుతారు. పసుపు బల్బు కింద కూర్చున్న ప్రతివాడికీ తెర మీద కామెర్లే. రక్తహీనత సంగతి ఇంకా ఘోరం: అందం పెంచే ఫిల్టరు ఒకటి నొక్కితే హిమోగ్లోబిన్ ఆరున్నవాడు కూడా పెళ్ళికొడుకులా మెరిసిపోతాడు. ఆన్‌లైన్‌లో పరువు దక్కించుకున్నది గోళ్ళ ఉబ్బు ఒక్కటే. రెండు వేళ్ళ గోళ్ళూ ఎదురెదురుగా ఆనించి కెమెరాకి చూపిస్తే మధ్యలో వజ్రం ఆకారంలో సందు కనబడాలి, కనబడకపోతే ఉబ్బు ఉన్నట్టు. దీన్ని 1976లో రాసినవాడు దక్షిణాఫ్రికా గుండె డాక్టరు లియో షామ్‌రాత్. తన గుండెకే ఇన్‌ఫెక్షన్ వస్తే, తన వేళ్ళ మీదే చూసుకుని రాశాడు. రోగీ డాక్టరూ ఒకే శరీరంలో ఉన్నారు కాబట్టి అక్కడ నెట్‌వర్క్ సమస్య రాలేదు.

రోగికి దూరం జరగడం డాక్టర్లకి కొత్త కాదు లెండి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరుకి ఒక యువతి రొమ్ముకి చెవి ఆనించి వినడానికి మొహమాటం అడ్డొచ్చింది. కాగితాల్ని గొట్టంలా చుట్టి విన్నాడు. అదే స్టెతస్కోపుకి నాంది. మొదట జానెడు దూరం. రబ్బరు గొట్టాలొచ్చాక మూరెడు. ఇప్పుడు ఫైబర్ కేబుల్ వచ్చి రెండు జిల్లాల అవతలికి జరిగాం. లెనెక్ మొహమాటపడ్డా, విన్నాడు. అదీ తేడా.

అమెరికా వాళ్ళు ఈ చిక్కుని తమ తరహాలో విప్పారు. అక్కడ డాక్టరు లైసెన్సుకి 2004 నుంచి ‘స్టెప్ టూ సీఎస్’ అని ఒక చేతిపని పరీక్ష ఉండేది. ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెలిస్ – ఈ అయిదు ఊళ్ళలోనే జరిగేది. గుంటూరులో చదివినా, వరంగల్‌లో చదివినా వీసా కోసం క్యూలో నిలబడి, ఫీజు కింద వెయ్యి డాలర్ల పైన కట్టి, విమానమెక్కి అక్కడికే పోవాలి. ఒక్క రోజులో 12 మంది రోగులు, ఒక్కొక్కరితో 15 నిమిషాలు. అందరూ శిక్షణ పొందిన నటులే. తలుపు తట్టి లోపలికి వెళ్ళడం, ‘అయ్యో, చాలా బాధాకరం’ అని ముఖం పెట్టడం, దుప్పటి సర్దడం – మనవాళ్ళు నెలల తరబడి రూమ్మేట్ల మీద సాధన చేసేవాళ్ళు. సగం మంది హ్యూస్టన్‌లో ఏ బాబాయి ఇంట్లోనో దిగి, పిన్ని పప్పుచారుతో ఆ పరీక్ష గట్టెక్కారు.

2020 మార్చిలో కరోనాకి ఆపారు. ఇంటి నుంచే రాసేలా మారుద్దామా అని కొన్నాళ్ళు ఆలోచించారు. 2021 జనవరిలో అసలు ఆ పరీక్షనే ఎత్తేశారు. ఇప్పుడు మనలాంటి విదేశీ డాక్టర్లు ఇతర షరతులతోపాటు ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. రోగి పొట్ట ఎగిరిపోయింది, ఇంగ్లీషు మిగిలింది.

ఆన్‌లైన్ భక్తుల వాదనలో పస లేదని అనను. మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చింది 2020 మార్చి 25న, సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజున. ఈ-సంజీవని పుణ్యాన మారుమూల పల్లెలో ఏఎన్ఎం పక్కన కూర్చున్న అవ్వ పట్నం డాక్టరుతో మాట్లాడుతోంది. తెరలోంచి మనిషిని మాట్లాడించడం, కంగారు తగ్గించడం, ఏది ఆగదో పసిగట్టి ‘వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి’ అనడం నిజంగా నేర్చుకోవాల్సిన విద్యలే. వాటికి ఆన్‌లైన్ పరీక్ష పెట్టండి, నేనే వచ్చి గంట కొడతాను. కానీ చేతి విద్యకి నోటి పరీక్ష పెట్టడమంటే, పెళ్ళి వీడియో చూసి భోజనాలకి సర్టిఫికెట్ ఇవ్వడమే.

ఇందులో ప్రభుత్వం వారి తర్కం ముచ్చటైనది. చైనాలోనూ ఉక్రెయిన్‌లోనూ చదువుతూ మధ్యలో ఇల్లు చేరిన పిల్లలు – మన రెండు రాష్ట్రాల నుంచీ బోలెడుమంది – ఆఖరి ఏడాది క్లినికల్స్ డాబా మీద ఫోన్‌లో చదివారు. చేత్తో రోగిని ముట్టుకోలేదు కాబట్టి ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చాలదు, రెండేళ్ళు చెయ్యాలని జాతీయ వైద్య కమిషన్ 2022 జూలైలో చెప్పింది. సబబే. కాకపోతే ఆ రెండేళ్ళకి ముందు వాళ్ళు గట్టెక్కాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షలో ఉండేవి 300 బిట్లు. 150 వస్తే పాసు. అందులోనూ రోగి లేడు, కనీసం దిండు కూడా లేదు.

ఇంతకీ ఆన్‌లైన్ రాకముందు మన ప్రాక్టికల్స్ మహా గొప్పగా వెలిగిపోయాయనుకునేరు! పెద్దాసుపత్రుల్లో పరీక్షల పేషెంటు అని ఒక జాతి ఉంటుంది. కొన్నేళ్ళుగా అదే గుండె, అదే కాలేయం, అదే ప్లీహం. పరీక్షల సీజన్ రాగానే వార్డు అటెండరు ఫోన్ చేస్తాడు. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం పొట్లం, చేతిలో ఇంత. అమెరికావాళ్ళు నటులకి రోగం నేర్పితే, మనం రోగులకి నటన నేర్పాం. ఎక్స్‌టర్నల్ ఎక్కడ ఏం అడుగుతాడో హౌస్ సర్జన్ కంటే ఆ పేషెంటుకే బాగా తెలుసు. నిజం చెప్పాలంటే ఎందరో డాక్టర్లకి అసలు ప్రొఫెసర్ ఆయనే.

‘‘అక్కడ కాదు బాబూ. పైన వెతికితే దొరకదు. కుడి పక్క కింది నుంచి రా, నేను ఊపిరి పీల్చినప్పుడల్లా కాస్త పైకి జరుపు... ఆఁ, తగిలిందా? అది స్ప్లీన్. నిన్న ఒకమ్మాయి లివరని చెప్పి ఏడ్చుకుంటూ పోయింది. ముందు జొరం సంగతి అడగడం మర్చిపోకు, దానికి మార్కులున్నయ్.’’

పాఠ్యపుస్తకంలో ఉన్నది అక్షరాలా ఇదే. ప్లీహం రెండు మూడింతలు పెరిగితే గానీ చేతికి తగలదు. బాగా పెరిగిన ప్లీహం కుడి వైపుకే సాగుతుంది. నేరుగా పక్కటెముకల కింద వెతికినవాడు దాని నడినెత్తిన చెయ్యి పెట్టి ‘ఏమీ లేదు సార్’ అంటాడు.

ఆన్‌లైన్ పరీక్షలొచ్చి ఆ ప్రొఫెసర్ ఉద్యోగం ఊడగొట్టాయి. ఒక కాలేజీలో ఆయన పొట్టని ఒకసారి వీడియో తీసుకున్నారట, మొహం రాకుండా. ఇక బ్యాచి తర్వాత బ్యాచికి అదే చూపిస్తున్నారు. సంగతి తెలిసి ఆయన అటెండరుని పట్టుకున్నాడు.

‘‘పిలవకపోతే పోనీలే అల్లుడూ. పొట్ట నాదే కదా, బ్యాచికింత అని ఫోన్‌పేలో వేయించు.’’

‘‘మొహం లేదు కదా మావా. అది నీదేనని రుజువేంటి?’’

‘‘పక్కటెముక కింద ఎనిమిది వేళ్ళు ఉంటది. కావాలంటే సార్‌నే వచ్చి చెయ్యి పెట్టి చూసుకోమను.’’