ఇద్దరు తాతలును, క్రిస్మసు తాతయు

పిల్లలను క్రమశిక్షణతో పెంచుటకు వలయు నియమములన్నియు గ్రంథస్థము చేసిన మహానుభావులలో ఒక్కరైనను, తమ సంతానమును వెంటబెట్టుకొని క్రిస్మసు పండుగకు తాతగారింటికి పోయిన జాడ నాకు గోచరింపదు. పోయియుండినచో ఆ గ్రంథములు రెండవ ముద్రణమునకు నోచుకొనియుండవు. రాత్రి తొమ్మిదింటికి నిద్ర, భోజనమునకు ముందు మిఠాయి నిషేధము, అడిగినదెల్ల ఇవ్వకుండుట అను మూడు స్తంభములపై హైదరాబాదులో మేము సంవత్సరమంతయు నిలబెట్టుకొన్న ప్రభుత్వము, నంద్యాల బస్టాండులో మా నాయనగారు మనుమని నెత్తుకొని, "బక్కపడినావు గదరా నాయనా, మీ అమ్మా నాయనా నీకు కూడు పెడతాండారా ల్యాదా?" అని ప్రశ్నించిన క్షణముననే, ఎట్టి అవిశ్వాస తీర్మానమును లేకయే కూలిపోవును.

మా పండుగకు రాజధానులు రెండు. పితామహ పీఠము నంద్యాల. మాతామహ పీఠము ఆళ్లగడ్డ. సిరివెళ్ల మీదుగా పోయినచో నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాల నుండి ఎర్రగుంట్లకు రైలుబండి 2016లో మొదలైనను, ఆ మార్గము బనగానపల్లె, కోయిలకుంట్లల వైపు తిరిగి ఆళ్లగడ్డ ముఖమైనను చూడకపోవుటచే బస్సే మాకు శరణ్యము. ఈ అన్యాయమున మా నాయనగారి హస్తము కొంత గలదని మా మామగారు లోలోపల అనుమానింతురని నా అనుమానము. ఇరవైనాలుగవ తేదీ రాత్రియు, ఇరవైయైదు ఉదయమును నంద్యాలకు, ఆ సాయంత్రము మొదలు ఆళ్లగడ్డకు చెందునట్లు మా పెండ్లినాడే సంధి కుదిరినది గాని, ప్రతి సంవత్సరమును సరిహద్దు వివాదములు తప్పవు.

నంద్యాలవారి పట్టుదల చరిత్రప్రసిద్ధము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘము ఏర్పడి, ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారెల్లరు ఒక్క గొడుగు క్రిందికి చేరినపుడు, ఎస్.పి.జి. అను ఆంగ్లికను మిషను పెంచిన ఈ ప్రాంతపు విశ్వాసులలో అనేకులు మేము రామని భీష్మించి, దశాబ్దముల తరబడి వేరుగనే నిలిచిరి. అట్టి ఊరిలో పుట్టి పెరిగిన మా నాయనగారికి పండుగ విషయమున నచ్చజెప్పగల ధీరుడు ఇంకను జన్మింపవలసియున్నది. పిల్లలు బడిలో నేర్చిన "జింగిల్ బెల్స్" ను ఆయన యెదుట మిక్కిలి ఉత్సాహముతో పాడి వినిపింపగా, కంజిర ఒడిలో పెట్టుకొని తుదివరకు ఓపికతో విని, అర్థము చెప్పుమని నన్నడిగి, "బండి ఉండాది, గుర్రం ఉండాది, గంటలు ఉండాయి. అంతా బాగుండాది గానీ యేసుప్రభువు యాడరా?" అనిరి. వాదింప వీలులేదు. 1857లో అమెరికాలో అచ్చయిన ఆ పాటలో క్రిస్మసు మాటయే లేదు. పిమ్మట ఆయన పురుషోత్తమ చౌదరిగారి కీర్తన నెత్తుకొనిరి. 1803లో జన్మించి 1890లో కన్నుమూసిన ఆ కవి కర్ణాటక రాగములలో కూర్చిన కీర్తనలు మా నాయనగారికి నోటికి వచ్చును. తాళము మాత్రము ఆయన సొంతము. పిల్లలు ఆ కంజిరను తాము వాయింతుమని పెనుగులాడుటతో గానసభ ముగిసెను.

ఇక చెట్టు సంగతి. మావానికి క్రిస్మసు చెట్టు కావలెను. దానిపై మంచు ఉండి తీరవలెను. విక్టోరియా రాణి సకుటుంబముగా అట్టి చెట్టు చుట్టును నిలిచియున్న బొమ్మ 1848లో లండను పత్రికలో పడిన పిమ్మట ఆ జర్మను ఆచారము లోకమెల్ల వ్యాపించెనని చదివియుంటిని గాని, నంద్యాల నల్లరేగడిలో దేవదారువు మొలిచినట్లు ఎవ్వరును చెప్పగా వినలేదు. బజారులో ప్లాస్టికు చెట్టు కొందమని నేననుచుండగానే నాయనగారు చేనికి పోయి, భుజము లెత్తు పత్తిచెట్టునొకదానిని వేళ్లతో పెరికి, మోటారుసైకిలు వెనుక కట్టుకొని వచ్చి, పాత పెయింటు డబ్బాలో మట్టి దట్టించి నాటిరి. కాయలు పగిలి, కొమ్మకొమ్మకును దూది తెల్లగా విచ్చుకొనియుండెను.

"మంచు యాడ తాతా?" అని మావాడు అప్పటికే అబ్బిన యాసలో అడిగెను.

"ఇదేందిరా మరి? మీ టీవీలోది ఎండ తగిలితే నీళ్లయిపోతాది. ఇది అమ్మితే దుడ్లొస్తాయి."

మావాడు సంతుష్టుడై దానికి రంగుకాగితములు చుట్టెను. అయితే రాత్రి రెండు గంటలకు డప్పు, తంబురీనులతో పాటలవారు వాకిట దిగి, వీధి కుక్కలన్నియు రెండవ గొంతు కలుపగా "సంతోషము" ప్రకటింప నారంభించినపుడు, మా అమ్మ ఆ చెట్టునుండి రెండు తునుకల మంచు వలిచి చెవులలో పెట్టుకొనెను. పాటలవారికి టీయును మురుకులును ఇచ్చి పంపువరకు పిల్లలు వారితో కలిసి వాకిట గంతులు వైచిరి. తొమ్మిదింటి నిద్ర అను మొదటి స్తంభము ఎక్కడ పడినదో వెదకుటకైనను నాకు ఓపిక లేకపోయెను.

మరునాటి ఆరాధనలో జరిగినది చెప్పక తప్పదు. క్రిస్మసు తాత నిజముగా ఎవరని పిల్లవాడడుగగా, నాలుగవ శతాబ్దిలో, నేటి తుర్కీ దేశమందలి మైరా పట్టణమున నికొలసు అను బిషప్పుండెననియు, బీదలకు రహస్యముగా దానములు చేసిన అతడే కాలక్రమమున ఈ తాతయయ్యెననియు పాండిత్యము మెరయ చెప్పియుంటిని. వాడది మనసున నుంచుకొని, తెల్లని అంగీ ధరించిన అయ్యగారిని ఆరాధన పొడవునను కన్నార్పక కనిపెట్టుచుండెను. ఇంతలో కానుకల సంచి వరుస వెంబడి వచ్చినది. అందరును అందులో నోట్లు వేయుటయు, అది నిండి ముందునకు పోవుటయు చూచి, వాడు నాలుగు బెంచీలకు వినబడు గుసగుసతో, "నాయనా, ఈయన సంచిలో ఏసుకుంటాండాడే గానీ తీసి ఇయ్యడంల్యాదేమి?" అనెను. ముందు బెంచీలోని పెద్దమనిషి భుజములు చాలసేపు కదలుచుండెను. అది భక్తిచేత గాదని నా నమ్మకము.

అత్తిరసములు, కజ్జికాయలు, బిరియానీ అను మూడంచెల సత్కారమునకు పిదప మధ్యాహ్నము ఆళ్లగడ్డ బస్సెక్కితిమి. గుమ్మములో అడుగుపెట్టగానే మా అత్తగారి మొదటి ప్రశ్న, "ఆడ ఏం పెట్టినారు?" అనునది. చెప్పిన జాబితాలో లేని వన్నియు అప్పటికే పొయ్యిమీద నుండెను. ఓళిగలు, అలసంద వడలు, రాగిసంగటి, నాటుకోడి పులుసు. భోజనమునకు ముందు మిఠాయి నిషేధమను చట్టమును నా భార్య మెల్లగా గుర్తు చేయగా, మా అత్తగారు ఓళిగ తుంచి చిన్నదాని నోటిలో పెట్టుచు, "నిన్ను నేను పెంచలేదంటే?" అనిరి. దీనిపై అప్పీలు లేదు.

ఆళ్లగడ్డలో పాటలవారు లేరని సంతోషించి నడుము వాల్చితినో లేదో, ధనుర్మాస మగుటచే తెల్లవారుజామున నాలుగున్నరకు వీధి చివర గుడి మైకు మేల్కొని తిరుప్పావై వినిపింప దొడగెను. అహోబిలమునకు పోవువారందరు దిగు ఊరిలో అది సహజమే. పిల్లలు లేచి కూర్చుండి, "పాటలోల్లు మళ్లీ వచ్చినారు!" అని వాకిటికి పరుగెత్తిరి. అక్కడ పొరుగింటి అమ్మాయి ముగ్గు వేయుచుండెను. చిన్నది పోయి, మా వాకిటి నక్షత్రము బొమ్మ కూడ అందులో పెట్టుమని అడుగగా, ఆ అమ్మాయి పెట్టనే పెట్టినది.

ఆ ఉదయము మా మామగారు మనుమని చేయిపట్టుకొని శిల్పుల వీధికి షికారు తీసికొనిపోయిరి. ఆళ్లగడ్డ శిల్పులు దేశమంతటికిని విగ్రహములు పంపువారు. పాకల ముందు సగము చెక్కిన వినాయకులు, ముక్కు మాత్రమే మిగిలిన అమ్మవార్లు, చొక్కా జేబులో పెన్నుతో సహా సిద్ధమైన నాయకులు వరుసగా నిలిచియుందురు. రాతిపొడి చెక్కువాని కనురెప్పలపై తెల్లగా పేరుకొనియుండును. మావాడు ఒక పాక యెదుట ఆగి, తనకు క్రిస్మసు తాత విగ్రహము కావలెననెను. మా మామగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ఆ శిల్పి ఆయనవద్ద ఎక్కములు నేర్చినవాడు. కావున అతడు నవ్వక, ఉలి ప్రక్కన పెట్టి, వృత్తిధర్మము ననుసరించి విచారణ కుపక్రమించెను.

"చేతులెన్ని నాయనా?"

"రెండే."

"వాహనం?"

"జింకలు. ఆకాశంలో పోతాడు."

శిల్పి తల పంకించెను. "జింక వాహనం, ఆకాశంలో సంచారం అంటే వాయుదేవుడు గదా సార్. వాయవ్య మూల పెడతాం. యా దిక్కునుంచి వస్తాడు?"

"ఉత్తర ధ్రువం," అని మావాడు బడిలో చదివినది చెప్పెను. "పెద్ద బొజ్జ. సంచి నిండా బహుమతులు."

"ఉత్తర దిక్కు, బొజ్జ, ధనం మూట. ఇది చూస్తే కుబేరుని లక్షణం. సగం వాయువు, సగం కుబేరుడు కలిసిన మూర్తిని నేనింతవరకు చెక్కలేదు సార్."

మా మామగారికి పట్టుదల వచ్చెను. తొమ్మిది నరసింహులను కొలుచు ప్రాంతములో, నరుని సింహముతో అతుకగలిగినవారికి ఈ మాత్రము అసాధ్యమా యని వారి వాదము. శిల్పి ఒప్పుకొనెను. అంతట తాళమాన ప్రసంగము వచ్చినది. ముఖము పొడవు ఒక తాళము. దేవతామూర్తులకు నవతాళము, దశతాళము చెల్లును, వినాయకునికి పంచతాళము. ఈయన బొజ్జను బట్టి పంచతాళమే తగునని గురుశిష్యులు ఏకాభిప్రాయమునకు వచ్చిరి. గడ్డము మునీశ్వరుల గడ్డమువలె జాలువారవలెనా, ఉంగరములు తిరుగవలెనా యని తర్జనభర్జన జరిగినది. ఉంగరములకు మావాడు ఓటు వేసెను. అభయహస్తమొకటి పెట్టుదునా యని శిల్పి అడుగగా, ఆ చేతిలో చాక్లెట్లుండవలెనని వాడు శాసించెను. "అడిగినదెల్ల ఇవ్వరాదు" అని నేను గొంతు సవరించుకొనుచుండగానే బేరము మొదలయ్యెను.

"నాలుగు చేతుల విష్ణుమూర్తికి చెప్పే ధర నాకు చెప్పొద్దురా అబ్బీ," అనిరి మా మామగారు. "ఈయనకుండేది రెండు చేతులు. శంఖం ల్యాదు, చక్రం ల్యాదు, కిరీటం కూడా ల్యాదు, వట్టి టోపీ. సగం తగ్గించు."

శిల్పి పాకలోని రాతిదిమ్మల వంక చూచి, తన పాత గురువుగారి వంక చూచి, వినయముగా చేతులు కట్టుకొనెను.

"చేతులు తగ్గినా బొజ్జకు రాయి శానా పడతాది సార్."