కామా పెట్టి కొంప ముంచాను

ఇంగ్లీషు వచ్చిన మనిషికి చిన్న ఊళ్లో దొరికే మర్యాద ఎంత ప్రమాదకరమో అనుభవించినవాడికే తెలుస్తుంది. ఉదయగిరి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. "సార్, కొంచెం ఇంగ్లీషులో రాసిపెట్టండి" అంటారు. అంతే, నా ఛాతీ దుర్గం కొండకు పోటీగా లేస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో గజపతుల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. ఆ రోజు ఆయన కూడా నా అంత గర్వపడి ఉండడు. నాకు ఒక పేజీ అర్జీ రాసినందుకే, టీ డబ్బులు అవతలివాళ్లు ఇచ్చినందుకే దిగ్విజయం చేసినట్టుండేది.

ఈ గర్వానికంతా పునాది రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం. మన దేశంలో ఇంగ్లీషు నేర్చుకున్న మూడు తరాలు ఆ పుస్తకం కిందే నలిగాయి. మీ ఇంట్లోనూ అట్ట ఊడిన ప్రతి ఒకటి అటక మీద ఉండే ఉంటుంది. అందులో రిలేటివ్ ప్రొనౌన్ల పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. మనుషులకు హూ. జంతువులకూ ప్రాణం లేనివాటికీ విచ్. దట్ అందరికీ, అన్నిటికీ. సూపర్లేటివ్ తర్వాతా, ఆల్, ఓన్లీ లాంటి మాటల తర్వాతా దట్ వాడడం మేలు. మనిషీ జంతువూ కలిసి వస్తే దట్ తప్ప గతి లేదు. సీతారామపురం రోడ్డు మీద గొర్రెలకాపరి మందను తోలుకుపోతుంటే బస్సులో అందరూ దుమ్ముకు ముక్కు మూసుకునేవాళ్లు. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ 'దట్, దట్' అనుకునేవాణ్ని. అంత ముదిరింది.

ముదిరిన జబ్బు తెలుగుకూ పాకింది. తెలుగులో హూ, విచ్ చేసే పనికి వేరే మాట అక్కర్లేదు. వచ్చినవాళ్లు, తిననివాళ్లు, అప్పు కట్టినవాళ్లు అంటే చాలు, క్రియలోనే మనిషి ఇమిడిపోతాడు. దొరలకు తెలుగు నేర్పడానికి ఆర్డెన్ 1873లో రాసిన వ్యాకరణం కూడా ఈ రూపాన్ని ప్రత్యేకంగా వివరిస్తుంది. ఇంత సుఖమైన పద్ధతి అమ్మ ఒళ్లోనే అబ్బితే నా కంటికి ఆనలేదు. వింజమూరులో మా బంధువుల పెళ్లిలో మైకు పుచ్చుకుని, "ఎవరైతే ఇంకా భోజనం చేయలేదో, వారందరూ దయచేసి భోజనశాలకు విచ్చేయవలసిందిగా..." అని మొదలుపెట్టాను. వాక్యం పూర్తికాకముందే ముందు వరసలోంచి మా మేనత్త, "తిననోళ్లు వచ్చి తినండి అనరాదా అబ్బయా, అన్నం ఆరిపోతోంది" అంది. పందిరంతా నవ్వింది. ఆమె చెప్పిందే అసలైన తెలుగని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అయినా మైకు కింద పెట్టలేదు. పెట్టగలమా చెప్పండి, ఒకసారి చేతికొచ్చాక?

ఆత్మకూరులో ట్యూషన్లు చెప్పే రోజుల్లో ఒక అమ్మాయి వ్యాసంలో 'పీపుల్ దట్' అని రాసింది. మనుషులకు దట్ ఏమిటని ఎర్ర సిరాతో కొట్టేసి హూ అని దిద్దాను. దిద్ది ఊరుకున్నానా, తరగతికంతా చదివి వినిపించాను. ఆ సాయంత్రం చర్చి పెద్దాయన ఒకరు ఆ సంగతి విని, తన పాత ఇంగ్లీషు బైబిలు తెచ్చి నా ముందు తెరిచారు. అది 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో సాక్షాత్తూ పరలోకపు తండ్రినే విచ్ అని పిలిచి ఉంది. దేవుడికే చెల్లిన మాట మనుషులకు చెల్లదా అని ఆయన మెల్లగా అడిగారు. మార్క్ ట్వైన్ 1899లో ఒక కథకు పేరు పెడుతూ మనిషికి దట్ వాడాడని తర్వాత తెలిసింది. ఆ పిల్ల రాసింది నిక్షేపంలాంటి ఇంగ్లీషు. నేనే నేర్చుకున్న దట్ నియమాన్ని నేనే మరిచి, నా అజ్ఞానానికి ఎర్ర సిరా పూశాను. మరుసటి రోజు తరగతిలో ఆ మాట ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు. కామాల పాఠం మొదలుపెట్టాను. ఆ కామాలే తర్వాత నా పని పట్టాయి.

ఒక్క మనిషి సంగతి తేలికే, చిక్కంతా గుంపుతోనే. కమిటీ, సంఘం, టీము, కుటుంబం అన్నప్పుడు ఇంగ్లీషువాడికి రెండు చూపులున్నాయి. సంఘాన్ని ఒక్క సంస్థగా చూస్తే విచ్ అనో దట్ అనో అని, ఏకవచన క్రియ పెడతాడు. అందులోని మనుషులు కళ్లముందు మెదిలితే హూ అని, బహువచనం పెడతాడు. బ్రిటన్‌లో ఈ రెండోది బాగా చెలామణీ, అమెరికావాళ్లు మొదటిదానికే మొగ్గుతారు. రెండూ ఒప్పే. కానీ ఏది వాడాలో ఎంచుకోవాలంటే అవతల మనుషులున్నారన్న స్పృహ ముందు రాసేవాడికి ఉండాలి. నాకు ఉన్నది నా వాక్యం మీద మోజు ఒక్కటే.

మా ఊరి చెక్క గరిటెలు మీకు తెలిసే ఉంటాయి, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న సరుకు. వాటిని చేసే ఆడవాళ్ల డ్వాక్రా సంఘం ఒకటి బ్యాంకుకు అర్జీ రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. కొత్త మేనేజరుకు తెలుగు రాదు. సంగతి సూటిగా ఉంది. ఇద్దరు సభ్యులు ఇంట్లో జబ్బుల వల్ల కంతులు కట్టలేకపోయారు, వాళ్లకు గడువు కావాలి. మిగతావాళ్లంతా పైసా బాకీ లేకుండా కట్టారు, వాళ్లకు కొత్త అప్పు కావాలి. అధ్యక్షురాలు ఇంటి అరుగు మీద ఫోర్కు పళ్ల సందుల్లో ఆకురాయి ఆడిస్తూనే ఇదంతా రెండు ముక్కల్లో చెప్పింది. పొట్టు ఊదింది, పళ్లు వేలితో తడిమి చూసుకుంది, మళ్లీ అరగదీసింది. ఆ చేతిలో ఉన్న ఒడుపులో వీసమెత్తు నా కలంలో ఉన్నా బాగుండేది.

ఇంటికెళ్లి రాత్రంతా కూర్చున్నాను. 'ది మెంబర్స్' అన్నాను. కామా పెట్టాను. 'హూ కుడ్ నాట్ పే ది ఇన్‌స్టాల్‌మెంట్స్' అన్నాను. ఇంకో కామా పెట్టాను. 'హంబ్లీ ప్రే ఫర్ టైమ్' అని ముగించాను. రెండు కామాల మధ్య ఆ హూ ఎంత హుందాగా కూర్చుందో చూసి మురిసిపోయాను. పొద్దున్నే సంతకాలు పెట్టించాను. "ఏం రాశావబ్బయా?" అని అధ్యక్షురాలు అడిగితే, "అంతా బ్రహ్మాండంగా రాశాలే పెద్దమ్మా" అన్నాను.

మేనేజరు చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి గబగబా ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆ యాసలో నాకు 'ఆల్ మెంబర్స్' ఒక్కటే చెవిన పడింది. మళ్లీ అడగండి సార్ అనొచ్చు కదా! నా వెనక పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్ల ముందు నాకు ఇంగ్లీషు అర్థం కాలేదంటే ఇంకేమన్నా ఉందా! "యెస్ సర్, ఆల్ మెంబర్స్" అన్నాను ఠంగున. ఆయన ముఖం మాడిపోయింది, ఫైలు మూసేశాడు, 'డిఫాల్ట్' అన్నాడు. డ్వాక్రాలో ఉన్నవాళ్లకు ఏ భాషలో అన్నా ఆ మాట అర్థమవుతుంది. పెద్దమ్మ నన్ను పక్కకు తోసి ముందుకొచ్చింది. "ఎవరబ్బయా డిఫాల్టు? మేమా?" అంది. నాకు గొంతు పెగల్లేదు. ఆమె సంచీలోంచి పాసుపుస్తకాలు తీసి బల్ల మీద పరిచింది, రసీదులు పక్కన పెట్టింది, కట్టనివి రెండూ విడిగా తీసి చూపించింది. ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా రెండు నిమిషాల్లో తేల్చేసింది.

మేనేజరు అప్పుడు పెన్సిలు తీసి నా కామాలు రెండూ కొట్టేశాడు. కామాలు లేకపోతే 'కట్టలేని సభ్యులు మాత్రమే' అని అర్థం. పెడితే 'సభ్యులంతా ఎగ్గొట్టారు' అని. పాఠం చెప్పిన నాకు ఇది తెలియదా? తెలుసు. తెలిసి కూడా రాశాను, అదే బాధ. అక్షరం పొల్లుపోకుండా నిజం చెప్పినవాళ్ల మీద నా సోకు కోసం ఎగవేతదారుల ముద్ర వేశాను. తిరిగొస్తుంటే పెద్దమ్మ తిట్టలేదు. "రాసింది ఒకసారి తెలుగులో చదివి చెప్పుంటే బాగుండేది గదా నాయనా" అంది. పెళ్లిలో మేనత్త అన్నదానికన్నా ఎక్కువగా నన్ను కుంగదీసింది ఆ మాట.

పెద్దమ్మ సంతకం నేర్చుకుంది 1990ల మొదట్లో, అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో. ఆ బడుల్లో కలిసి చదువుకున్న ఆడవాళ్లే కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నడిచిన రోశమ్మ పేరు అప్పుడే దేశమంతా తెలిసింది. ఆ పోరాటం ఊరి నుంచి ఊరికి పాకి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించేదాకా వెళ్లింది. ఆ ఉద్యమం మీద నేనొక సంచికకు ఇంగ్లీషు వ్యాసం రాసి, వాళ్లను ఆసాంతం 'ఎ గ్రూప్ విచ్' అన్నాను. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కానీ చదివితే అందులో ఏదో సంస్థ ఉందిగానీ, కొంగు బిగించి దుకాణం ముందు కూర్చున్న ఒక్క ఆడమనిషీ లేదు.

మన వ్యాకరణం ఇక్కడ నన్ను ఆపాల్సింది. మేక వచ్చింది, బస్సు వచ్చింది, ఆమె వచ్చింది. మర్యాద కోసం వచ్చారు అంటే తప్ప, ఒంటరి ఆడమనిషికీ మేకకూ మన క్రియలో తేడా లేదు. అది మనం సిగ్గుపడాల్సిన సంగతే. అదే నలుగురు కలిస్తే మాత్రం మేకలు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు. బహువచనంలో స్త్రీలు మగవాళ్లతో సమానమని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే సూత్రం ఉంది. గుంపుగూడిన ఆడవాళ్లను తెలుగు ఎన్నడూ వస్తువుల్లో కలపలేదు. మా మేనత్తకు తెలిసిన ఈ సంగతి నాకు రెన్ అండ్ మార్టిన్ చాటున కనపడలేదు.

ఇప్పటికీ నా దగ్గరికి కాగితాలు వస్తున్నాయి, ఇప్పటికీ టీ వాళ్లే ఇప్పిస్తున్నారు. మీకూ ఇట్టాంటి మర్యాద దక్కుతుంటుంది, మీకూ ఛాతీ లేస్తుంటుంది, నాకు తెలుసు. ఏ సంఘానికైనా ఇంగ్లీషులో రాసిపెట్టేటప్పుడు ఆ మనుషుల్ని తలుచుకుని హూ అని రాయండి, దాని ముందు కామా అవసరమా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సంతకం పెట్టించే ముందు, రాసిందంతా వాళ్లకు తెలుగులో చదివి వినిపించండి.