ముందు నా పళ్ళు చూడండి

నేను పోనీని. మీ వైపు తట్టువ అంటారే, ఆ పొట్టి గుర్రాన్ని. దక్షిణ వేల్స్ కొండల మీద ఉమ్మడి బీడులో పుట్టాను. నాదని చెప్పుకునే మనిషి లేక ఒక జంతు సంక్షేమ సంస్థకు చేరాను. ఇప్పుడు ఒక కుటుంబం నన్ను సాకుతోంది. సాకడమే, కొనుక్కోవడం కాదు. బ్రిటన్‌లో ఇలాంటి సంస్థలు చాలావరకు గుర్రాన్ని అప్పగిస్తాయే తప్ప హక్కు వదులుకోవు. వేసవిలో ఊరి గుర్రాల ప్రదర్శనకు నన్ను తీసుకెళ్ళాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఏ క్లాసులో, అంటే ఏ పోటీ విభాగంలో, దించాలన్నదే తేలడం లేదు. పిల్లకు జీనెక్కాలని ఉంది, తల్లికి ఎర్ర రోజెట్ మీద కన్ను. (ఈ దేశంలో మొదటి బహుమతి రిబ్బను ఎరుపు, రెండోది నీలం. అమెరికాలో నీలమే మొదటిది.) ఎటూ మోసుకు తిరగాల్సింది నేనే కాబట్టి నా మాటా వినాలి. ప్రదర్శనలో ప్రతి క్లాసూ ఒక ప్రశ్న. జడ్జి వేసే ఆ ప్రశ్నకు ఈ వయసులో, ఈ ఒంటితో నా దగ్గర నిజమైన జవాబు ఉందా లేదా అన్నది చూసి పేరు రాయించాలి. బహుమతి లెక్క ఆ తర్వాత.

మొదట వయసు సంగతి. నా పుట్టినరోజు ఎవరికీ తెలియదు. నా గుర్తింపు పత్రమైన పాస్‌పోర్టులో ఉన్న ఏడాది పశువైద్యుడి అంచనా, ఆ అంచనాకు ఆధారం నా నోరు. గుర్రానికి ముందు పళ్ళలో నడిమి జత రెండున్నరేళ్ళకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. ఆంధ్రలో బండలాగుడు పోటీల్లో ఎడ్లను పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విడదీస్తారు కదా, ఆ పద్ధతి తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. నాకు నడిమి జత మాత్రమే మారింది, అంటే మూడేళ్ళ ప్రాంతం. మోకాలి దగ్గర ఎముక ఎదిగే చోటు రెండున్నరేళ్ళకల్లా గట్టిపడుతుంది కానీ, జీను పడే వెన్నుపూసలు అయిదేళ్ళు దాటితే గాని పూర్తిగా కుదురుకోవు. స్వారీ క్లాసుల్లో ఎక్కువవి నాలుగేళ్ళు నిండినవాటికే అన్నది అందుకే. పిల్ల బక్కపలచనిది, ఆ మాత్రం బరువు ఆగదా అంటారు. ఆగుతుందేమో. కానీ స్వారీ క్లాసులో ప్రశ్న బరువు గురించి కాదు. పది గుర్రాల మధ్య గుండ్రంగా తిరుగుతూ, మలుపులో తూలకుండా, పగ్గం మాట విని పరుగు మార్చగలనా అని అడుగుతారు. జీను వాసనే ఎరగని నాకు ఆ ప్రశ్నే అర్థం కాదు. అర్థం కాని ప్రశ్నకు గుర్రం ఇచ్చే జవాబు బెదరడం, తన్నడం. దాన్ని మొండితనమని రాసుకుంటారు.

ఇక జాతి క్లాసులు. నా ఎత్తు పన్నెండు చేతుల లోపు. చెయ్యి అంటే నాలుగు అంగుళాలు. చిన్న తల, పెద్ద కళ్ళు. చూసినవాళ్ళంతా వెల్ష్ పర్వత పోనీ అచ్చు ఇలాగే ఉంటుంది, రాయించేయండి అంటున్నారు. పోలిక కాగితం కాదు. 1901లో ఏర్పడిన వెల్ష్ పోనీ అండ్ కాబ్ సొసైటీ పుస్తకంలో తల్లీతండ్రీ పేర్లుంటేనే ఆ గుమ్మం తెరుచుకుంటుంది. పైగా నా ఒంటి మీద గోధుమరంగు, తెలుపు పెద్ద పెద్ద మచ్చలున్నాయి. ఆ జాతిలో ఏ రంగైనా ఒప్పుకుంటారు గానీ ఇలాంటి మచ్చలను మాత్రం ఒప్పుకోరు. మీ పాత అశ్వశాస్త్రంలో నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి అని నెత్తిన పెట్టుకున్నారు. ఇక్కడ ఆ తెలుపే కాస్త ఎక్కువై కులం నుంచి వెలివేయించింది. దీని మీద నాకు కోపం లేదు. జాతి ప్రమాణానికి ఎంత దగ్గరగా ఉన్నావన్నది ఆ క్లాసు ప్రశ్న. ఆ ప్రమాణం లేకపోతే క్లాసే ఉండదు. మచ్చల గుర్రాలకు వేరే క్లాసులున్నాయి, వాటిలో నాకు చోటుంది. అయితే అక్కడ చూసేది ఒంటి కట్టు, నడక. చిన్నప్పుడు తిండి చాలక, గిట్టలు చెక్కేవాళ్ళు లేక పెరిగినదాన్ని, ఒళ్ళింకా ఒక కొలిక్కి రాలేదు. వచ్చే ఏడు చూద్దాం.

మిగిలినవి జీను లేకుండా, చేత్తో పట్టుకుని నడిపించే క్లాసులు. వాటిలో నాకు తగినవి రెండు. ఒకటి, కాపాడి తెచ్చిన గుర్రాలది. రెండోది పోషణ, ముస్తాబు చూసేది. రెండింటిలోనూ చేయాల్సింది కొంచెమే. నడవాలి, వరసలో నిలబడాలి, పిలిచినప్పుడు ముందుకు వచ్చి జడ్జి చెయ్యి వేస్తే కదలకుండా ఉండాలి, కొంత దూరం వెళ్ళి ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, తిరిగి రావాలి. ఇది నేను రోజూ పెరట్లో చేసే పనే. మొదటిదాని మీద ఒక ఆక్షేపణ ఉంది: అది జాలి క్లాసు, ఎవరి కథ ఎక్కువ ఏడిపిస్తే వాళ్ళకు రిబ్బను అని. కొన్నిచోట్ల అలా జరగదని నేను బల్లగుద్ది చెప్పలేను. కానీ జాలికి బహుమతి ఇచ్చేది చేతగాని జడ్జి. చేతనైనవాడు నా గతాన్ని కాదు, నిన్నమొన్నటి పెంపకాన్ని వెతుకుతాడు. గిట్టలు సమయానికి చెక్కించారా, పక్కటెముకలు కంటికి కనబడకుండా చేతికి తగులుతున్నాయా, మనిషి చెయ్యి ఎత్తితే తల వెనక్కి లాగుతోందా? ఇవి జాతి క్లాసు ప్రశ్నలకంటే తేలికైనవేమీ కాదు. రెండో క్లాసులో నాతోపాటు నన్ను పట్టుకున్న మనిషికీ మార్కులు పడతాయి. రౌతు కొద్దీ గుర్రం అని మీరు సామెతగా అన్నది అక్కడ నిబంధన.

ఒక ప్రమాదం చెప్పాలి. ఎండిపోయి వచ్చిన గుర్రాన్ని చూసి మనసు కరిగినవాళ్ళు దాణా గుమ్మరిస్తారు. ప్రదర్శనల్లోనూ గుండ్రంగా నిగనిగలాడేదే అందమని చాలాకాలంగా ఒక అలవాటు ఉంది. మా కొండజాతి ఒళ్ళు వేసవిలో కూడబెట్టి చలికాలంలో కరిగించుకునేది. ఏడాది పొడవునా మేపితే మెడ మీద కొవ్వు గట్టిపడుతుంది, తర్వాత గిట్టలోపలి పొరలు వాచి లామినైటిస్ వస్తుంది. అది వస్తే నిలబడటమే నరకం. ఒంటి తీరును సున్నా నుంచి అయిదు వరకు కొలిచే పద్ధతి ఇక్కడి పశువైద్యులకు ఉంది. అందులో మూడు మంచిది. క్లాసు గెలవడానికి నన్ను నాలుగుకు తెస్తామంటే, ఆ క్లాసే నాకొద్దు.

అసలు ఈ వయసులో ప్రదర్శన ఎందుకు, పచ్చికలో వదిలేయొచ్చుగా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలో బలముంది. కొత్త గుర్రాల గుంపులో దగ్గూ జ్వరమూ అంటుకుంటాయి, అందుకే ఫ్లూ టీకా లేనిదే చాలా ప్రదర్శనల్లో అడుగు పెట్టనివ్వరు. కానీ నా బతుకులో ట్రైలరు, మైకు, గొడుగులు, డాక్టరు, కొత్త మనుషులు ఎలాగూ ఉంటాయి. వీటిని పిల్లచేతి పగ్గం ఆసరాతో పావుగంట చూసి ఇంటికి రావడం, రేపు ఒక్కసారిగా వాటి మధ్యన పడటం కంటే మేలు. ఆ పావుగంట రోజంతా కాకూడదు. ప్రవేశ రుసుము కట్టాం కదా అని అందమైన కళ్ళ పోటీ నుంచి ఫాన్సీ డ్రెస్ దాకా అన్నింటిలోనూ తిప్పితే, మొదటి క్లాసులో నేర్చిన నెమ్మది అయిదో క్లాసులో పోతుంది.

కాబట్టి ఈ వేసవికి ఆ రెండు క్లాసులే రాయించండి. సంస్థవాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పండి, పాస్‌పోర్టు బండిలో పెట్టుకోండి. జీను సంగతి పక్క జత పళ్ళు మారాక నా నోరు తెరిచి చూసి మాట్లాడదాం.